నడవని దారుల బొమ్మలు

1983 వేసవిలో అమెరికాలోని వీడియో ఆటల కేంద్రాల్లోకి ఒక కొత్త యంత్రం వచ్చింది. చుట్టూ ఉన్న యంత్రాల తెరల మీద చుక్కలు, గళ్లు, చిన్న చిన్న అంతరిక్ష నౌకలు కదులుతుండగా, దీని తెర మీద సినిమా హాల్లో చూసేలాంటి కార్టూన్ చిత్రం నడిచింది. ఒక కోట, అందులో బందీ అయిన రాకుమారి డాఫ్నీ, ఆమెకు కాపలాగా డ్రాగన్, విడిపించడానికి వచ్చిన డర్క్ అనే యోధుడు. మిగతా ఆటలకు 25 సెంట్లు చాలు, దీనికి 50 సెంట్లు వేయాలి. అయినా దాని ముందు జనం గుమిగూడారు. సరైన క్షణంలో సరైన దిక్కుకు జాయ్‌స్టిక్ తిప్పితే డర్క్ గండం గట్టెక్కుతాడు, తప్పితే చస్తాడు. ఆ చావును కూడా చిత్రకారులు ఒక్కొక్క బొమ్మగా చేత్తో గీశారు.

'డ్రాగన్స్ లెయిర్' అనే ఈ ఆటలో నేర్పున్నవాడికి చావు దృశ్యాలు కనబడవు, నేర్పు లేనివాడికి ముగింపు కనబడదు. చిత్రకారులు గీసిందంతా చూసినవారు బహు కొద్దిమంది. ప్రేక్షకుడికి దారి ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చిన ప్రతి చిత్రానికీ ఈ లక్షణం తప్పదు. అతను నడిచిన దారి పక్కనే నడవని దారి ఒకటి ఉంటుంది, దాన్నీ ఎవరో గీసి ఉంటారు. ఆ నడవని దారుల శ్రమను ఎవరు, ఎలా మోశారన్నదే, నా దృష్టిలో, ఈ చిత్రాల అసలు చరిత్ర.

ఓట్లతో నడిచిన సినిమా

ఈ కథ యానిమేషన్‌తో మొదలు కాలేదు, ఇంట్లోనూ మొదలు కాలేదు. 1967లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో, చెకొస్లొవేకియా మంటపంలో, దర్శకుడు రాదూజ్ చించెరా 'కినోఆటోమాట్' అనే ఏర్పాటు చేశాడు. అందులో వేసిన చిత్రం పేరు 'ఒక మనిషి, అతని ఇల్లు'. హాల్లో 127 కుర్చీలు, ప్రతి కుర్చీకీ ఒక ఎర్ర మీట, ఒక ఆకుపచ్చ మీట. కథ ఒక ధర్మసంకటం దగ్గర ఆగేది, వ్యాఖ్యాత వేదిక మీదికి వచ్చి ప్రేక్షకుల తీర్పు అడిగేవాడు, మెజారిటీ చెప్పిన వైపు సినిమా సాగేది.

సినిమా అన్ని దారులుగా ఎలా చీలిందన్న ప్రశ్నకు చించెరా దగ్గర చాలా తేలికైన జవాబుంది. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కనే నడిచేవి. ఓటును బట్టి ఒకదాని వెలుగు తెర మీద పడేది, రెండోది చీకట్లో తిరిగేది. ఏ దారిన వెళ్లినా కథ తర్వాతి ప్రశ్న దగ్గరికే చేరేలా రాశాడు. ఇల్లు తగలబడే దృశ్యం సినిమా మొదట్లోనే వస్తుంది, ప్రేక్షకులు ఎటు ఓటేసినా దాన్ని ఆపలేరు.

ఈ పొదుపు ఎందుకు అవసరమో చిన్న లెక్క చెబుతుంది. కథలో 10 మలుపులు, ఒక్కో మలుపులో రెండేసి దారులు ఉన్నాయనుకుందాం. ఏ దారీ మళ్లీ కలవకపోతే 1,024 ముగింపులు తేలతాయి. వాటిని చేరడానికి కావలసిన కథాఖండాలు 2,047. ఒక్కో ఖండం మూడు నిమిషాలైతే మొత్తం నూరు గంటలు దాటుతుంది, ఒక ప్రేక్షకుడు చూసేది మాత్రం 33 నిమిషాలే. చీలిన దారులను ప్రతి మలుపు తర్వాతా కలిపేస్తే 21 ఖండాలతో పని అయిపోతుంది. అందుకే ఈ రకం కథలు రాసేవాళ్లలో చాలామంది కొమ్మలు చీల్చి, మళ్లీ కలిపే విద్య నేర్చుకున్నారు.

ఆ విద్య హాల్లో చెల్లింది, ఇంట్లో చెల్లలేదు. హాల్లో కూర్చున్నవాడు ఒక్కసారి చూసి వెళ్లిపోతాడు, రెండో దారి సంగతి అతనికి తెలియదు. 1990లలో చెక్ టెలివిజన్ ఈ చిత్రాన్నే రెండు ఛానెళ్లలో ఒకేసారి ప్రసారం చేసింది. ఇళ్లలో కూర్చున్నవారు ఛానెళ్లు మార్చి చూసుకోగలిగారు. రెండు దారులూ ఒక్క చోటికే వస్తున్నాయన్న గుట్టు బయటపడింది. ఇంట్లో చూసేవాడు వెనక్కి వెళ్లగలడు, మళ్లీ మొదలుపెట్టగలడు, అతుకులు వెతకగలడు. కాబట్టి ఇంటి కోసం తీసే చిత్రానికి నిజమైన కొమ్మలు కావాలి, నిజమైన కొమ్మలకు నిజమైన ఖర్చు అవుతుంది.

పుస్తకం చూపిన వీలు

ఆ ఖర్చు అతి తక్కువగా అయిన చోటు పుస్తకం. ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అనే అమెరికా న్యాయవాది రాత్రిపూట తన కూతుళ్లకు కథలు చెబుతూ, మాటలు తోచనప్పుడు "ఇప్పుడేం చేయాలి?" అని వాళ్లనే అడిగేవాడు. వాళ్లు చెప్పే జవాబులు వేరువేరుగా ఉండేవి. ఆ అలవాటులో పుట్టిన 'షుగర్‌కేన్ ఐలండ్' పుస్తకం 1976లో వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. ఆ సంస్థను నడిపినవారిలో ఒకరైన ఆర్. ఎ. మాంట్‌గోమరీ తర్వాత తానూ ఇలాంటి కథలు రాశాడు. 1979లో బాంటమ్ సంస్థ 'ద కేవ్ ఆఫ్ టైమ్'తో 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' వరసను ప్రారంభించింది. ఆ వరస పుస్తకాలు 25 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయని ప్రచురణకర్తలు చెబుతారు.

కథ ఆపి వినేవాణ్ణి ప్రశ్న అడగడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కానీ బేతాళుడి ప్రశ్న కథ అయిపోయాక వస్తుంది. విక్రమార్కుడి జవాబుతో మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుందే తప్ప, బేతాళుడు చెప్పిన కథలో ఒక్క అక్షరం కూడా మారదు. ప్యాకర్డ్ కూతుళ్ల జవాబుకు లోపలి కథే మారింది. పుస్తకంలో ఒక కొమ్మ చేర్చాలంటే రెండు పేజీలు అదనంగా రాస్తే చాలు. అదే కొమ్మ యానిమేషన్‌లో అర నిమిషం నడవాలంటే, సెకనుకు 12 బొమ్మల లెక్కన వేసుకున్నా, 360 బొమ్మలు గీయాలి.

దూకగల పళ్లెం

కొమ్మలున్న చిత్రాన్ని ఇంటికి తేవాలంటే ముందు అది ఉన్నచోటు నుంచి మరో చోటికి దూకగల పరికరం కావాలి. వీడియో క్యాసెట్‌కు ఆ శక్తి లేదు. టేపు మీద ఎంత దూరం వెళ్లాలన్నా చుట్టుకుంటూ పోవలసిందే. 1978 డిసెంబరులో అట్లాంటా నగరంలో అమ్మకానికి వచ్చిన లేజర్ డిస్క్ ఆ శక్తి తెచ్చింది. గ్రామఫోన్ రికార్డంత పళ్లెం నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంది. ఒక రకం డిస్క్‌లో ఒక్కో చుట్టులో ఒక్కో చిత్రం ఉంటుంది. ఒక వైపు 54,000 చిత్రాలు, అంటే అరగంట సినిమా. ప్రతి చిత్రానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఇస్తే లేజర్ కిరణం నేరుగా అక్కడికి వెళ్తుంది.

'మర్డర్, ఎనీవన్?' అనే డిస్క్ 1982లో ఈ వీలును ఇంటి ప్రేక్షకుడి చేతికి ఇచ్చింది. అది నటులతో తీసిన అపరాధ పరిశోధన కథ. హంతకుడు ఎవరన్నది చూసేవాడు ఎంచుకున్న దారిని బట్టి మారుతుంది. నటులతో ఒకే గదిలో నాలుగు రకాలుగా దృశ్యం తీయాలంటే ఒక పూట అదనంగా పనిచేయవచ్చు. బొమ్మల విషయంలో అలా కాదు, ప్రతి మార్పూ తెల్లకాగితం నుంచే మొదలవుతుంది. ఆ సాహసానికి ఇద్దరు వేరువేరు చోట్ల నుంచి వచ్చి కలిశారు.

డయ్యర్, బ్లూత్

రిక్ డయ్యర్ కాలిఫోర్నియాకు చెందిన ఆటల రూపకర్త. కంప్యూటర్ మీద అక్షరాలతో నడిచే పాత సాహస కథల ఆటలు అతన్ని ఆకట్టుకున్నాయి. వాటిని బొమ్మలతో, ధ్వనితో చూడాలని అతని కోరిక. మొదట అంగళ్లలో బిల్లులు ముద్రించే కాగితపు చుట్ట మీద బొమ్మలూ మాటలూ అచ్చువేసి, మీట నొక్కితే కావలసిన చోటికి చుట్ట తిరిగే యంత్రం చేశాడు. తర్వాత కాగితం స్థానంలో ఫిల్మ్ ముక్కలు, ఆ తర్వాత వీడియో డిస్క్ వచ్చాయి. ఆ యంత్రాన్ని అతను 'ఫాంటసీ మెషీన్' అన్నాడు. యంత్రం కుదిరింది, అందులో వేయదగిన బొమ్మలు కుదరలేదు.

ఆ బొమ్మలు గీయగలవాడు డాన్ బ్లూత్. డిస్నీ స్టూడియోలో పాత కాలపు శ్రద్ధ తగ్గిపోతోందన్న బాధతో అతను 1979లో గ్యారీ గోల్డ్‌మన్, జాన్ పోమరాయ్, మరికొందరు చిత్రకారులతో కలిసి బయటికి వచ్చాడు. వాళ్లు తీసిన 'ద సీక్రెట్ ఆఫ్ నిమ్' 1982లో విడుదలై విమర్శకుల మెప్పు పొందింది, వసూళ్లు మాత్రం ఆశించినంత రాలేదు. తర్వాతి చిత్రానికి పెట్టుబడి నిలిచిపోయింది. ఆ చిత్రం చూసిన డయ్యర్ తనకు కావలసిన చేయి ఇదేనని బ్లూత్‌ను కలిశాడు. పంపిణీకి సినిమాట్రానిక్స్ సంస్థ ముందుకు వచ్చింది.

డ్రాగన్స్ లెయిర్‌లో ఉన్న యానిమేషన్ మొత్తం సుమారు 22 నిమిషాలు. సెకనుకు 12 బొమ్మలనుకున్నా 15,000కు పైగా గీతలు. పది లక్షల డాలర్లు దాటిన ఖర్చు ఆ రోజుల్లో ఒక వీడియో ఆటకు ఊహించని మొత్తం. అయినా ప్రతి మూలా పొదుపు కనబడుతుంది. గొంతులకు పేరున్న నటులను తెచ్చే స్తోమత లేక స్టూడియో మనుషులే మాట్లాడారు. డర్క్ కేకలు ఫిల్మ్ ఎడిటర్ డాన్ మోలినావి, డాఫ్నీ గొంతు చిత్రకారిణి వీరా లాన్‌ఫర్‌ది. కొన్ని గదుల దృశ్యాలను అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమలు తిప్పి మళ్లీ వాడారు. కోట పెద్దదైనట్టు అనిపిస్తుంది, కొత్తగా గీయవలసింది ఏమీ ఉండదు.

కథా నిర్మాణంలోనూ పొదుపే ఉంది. డ్రాగన్స్ లెయిర్‌లో కొమ్మలు పెరగవు. ప్రతి మలుపులోనూ బతికే దారి ముందుకు సాగుతుంది, తప్పు దారి కొద్ది సెకన్లలో చావుతో ముగుస్తుంది. కొమ్మ అలా మొదట్లోనే తెగిపోతే ఖర్చు అదుపులో ఉంటుంది. చించెరా కొమ్మలను కలిపాడు, బ్లూత్ వాటిని నరికాడు. ఈ రెండు పద్ధతులూ ఆ తర్వాత 40 ఏళ్లూ నడిచాయి. కానీ తెగిన కొమ్మలను కూడా బ్లూత్ బృందం నిర్లక్ష్యం చేయలేదు. ఒక్కో గదిలో ఒక్కో రకం చావు, ప్రతిదానికీ తనదైన హాస్యం, ఆఖరున అస్థిపంజరమై కూలే డర్క్. ఓడిపోయినవాడికి కూడా ఏదో ఒకటి చూపించాలన్న ఆ ఔదార్యం వల్లే, ఇన్నేళ్ల తర్వాత కూడా జనం డర్క్ గెలుపు కన్నా అతని చావులనే ఎక్కువగా గుర్తుచేసుకుంటారు.

యంత్రాలు మాత్రం ఈ పనికి తట్టుకోలేకపోయాయి. లోపల పెట్టిన పయొనీర్ ప్లేయర్లు మొదటి నుంచి చివరి దాకా వరసగా చూపడానికి అలవాటుపడినవి. ఇక్కడ కొన్ని సెకన్లకొకసారి లేజర్ అటూ ఇటూ దూకాలి. దూకినప్పుడల్లా తెర ఒక క్షణం నల్లబడేది. రోజంతా అలా పరుగెత్తి ప్లేయర్లు చెడిపోయేవి. ఏడాది తిరగకుండానే లేజర్ డిస్క్ ఆటల మోజు తగ్గింది. అదే కాలంలో అమెరికా వీడియో ఆటల వ్యాపారమంతా కుప్పకూలింది.

ఇంటికి తేవాలన్న తపన

ఆట విడుదలైన నాటి నుంచే దాన్ని ఇంటికి తేవాలన్న ప్రయత్నాలు మొదలయ్యాయి. కొలెకో సంస్థ హక్కులు కొని తన ఆడమ్ కంప్యూటర్‌కు ఒక ఆట తెచ్చింది. అందులో కోట ఉంది, డర్క్ పేరు ఉంది, బ్లూత్ గీత లేదు. 1984లో రూబీ-స్పియర్స్ స్టూడియో ఏబీసీ ఛానెల్‌కు తీసిన టీవీ ధారావాహిక 13 భాగాలు నడిచింది. అందులో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. ప్రకటనల విరామానికి ముందు డర్క్ ప్రమాదంలో పడతాడు, ఇప్పుడు మీరైతే ఏం చేస్తారని కథకుడు పిల్లలను అడుగుతాడు. విరామం తర్వాత ఏ ఉపాయం ఎలా బెడిసికొట్టేదో చూపించి, ఆపైన డర్క్ సరైన పని చేస్తాడు. టీవీ ముందున్న పిల్లవాడి జవాబు తెరను చేరే మార్గం లేదు. అయినా నడవని దారులను కూడా అందరికీ చూపించిన చిత్రం ఇది.

డయ్యర్ ఇంకా ముందుకు వెళ్లాడు. 1985లో అతని సంస్థ 'హాల్సియన్' అనే ఇంటి యంత్రాన్ని ప్రకటించింది. లేజర్ డిస్క్ ప్లేయర్, దాన్ని నడిపే కంప్యూటర్ కలిసి ఉంటాయి. ఆడేవాడు నోటితో చెబితే యంత్రం గుర్తుపట్టి, తిరిగి మాట్లాడుతుంది. మాయలు, మంత్రదండాలు నిండిన 'థేయర్స్ క్వెస్ట్' దానికి ముఖ్యమైన చిత్రం. ధర సుమారు 2,500 డాలర్లు. అంత సొమ్ము పెట్టగల ఇళ్లు ఎన్నో లేవు. కొద్ది యంత్రాలే బయటికి వచ్చాయి, సంస్థ మూతపడింది. కాగితపు చుట్ట దగ్గర మొదలైన కోరిక ఇళ్ల ముందుగదుల్లో వెలగకముందే ఆగిపోయింది.

1980ల చివర అమీగా కంప్యూటర్‌కు వచ్చిన కూర్పులో బ్లూత్ బొమ్మలను పోలినవి కనిపించాయి, కానీ కొన్ని దృశ్యాలకే ఆరు ఫ్లాపీలు పట్టాయి. ఆడేవాడు డిస్కులు మారుస్తూ కూర్చోవాలి. ఊహ ముందు నడిచింది, నిల్వ చేసే చోటు చాలా వెనక నడిచింది.

రిమోట్ చేతికి వచ్చిన రోజులు

1996లో జపాన్‌లో, 1997లో అమెరికాలో మొదలైన డీవీడీ ఈ దూరాన్ని తగ్గించింది. సినిమా చూడటానికి కొన్న మామూలు ప్లేయర్‌లోనే చిన్న చిన్న ఆజ్ఞలను పాటించే తెలివి ఉంది. సంఖ్యలు దాచుకోవడానికి అందులో 16 అరలు ఉంటాయి. ప్రేక్షకుడు ఏ గుమ్మం తెరిచాడో, ఏ తాళంచెవి తీసుకున్నాడో వాటిలో గుర్తుపెట్టుకోవచ్చు. 1990ల చివర డిజిటల్ లీజర్ సంస్థ డ్రాగన్స్ లెయిర్‌ను డీవీడీ మీద తెచ్చింది. బ్లూత్ గీసిన బొమ్మలు చెక్కుచెదరకుండా, రిమోట్ మీది బాణం గుర్తులతో నడుస్తూ, సామాన్యుడి ఇంట్లోకి వచ్చాయి. యంత్రానికి, ఈ డీవీడీకి మధ్య పదిహేనేళ్లు గడిచాయి.

అదే దారిలో 2003లో 'స్కర్జ్ ఆఫ్ వరల్డ్స్' వచ్చింది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట లోకంలో నడిచే ఈ కథను కెనడాకు చెందిన డీకేపీ స్టూడియోస్ కంప్యూటర్ యానిమేషన్‌లో తీసింది. యోధుడు రెగ్డార్, మాంత్రికురాలు మియలీ, చోరవిద్య తెలిసిన లిడ్డా అందులో ముఖ్య పాత్రలు. ఇక్కడ ఖర్చు లెక్కే మారిపోయింది. చేత్తో గీసేటప్పుడు ప్రతి కొమ్మకూ బొమ్మలన్నీ కొత్తగా గీయాలి. కంప్యూటర్‌లో ఒకసారి పాత్రనూ గుహనూ నిర్మించుకుంటే, అవే బొమ్మలను రెండో దారిలోనూ నడిపించవచ్చు. కదలికల శ్రమ మిగులుతుంది కానీ, ప్రతి కొమ్మా తెల్లకాగితం నుంచి మొదలు కానక్కరలేదు. అందుకే ఇందులో కొమ్మలు చావుతో ఆగకుండా, వేరువేరు ముగింపుల దాకా వెళ్లాయి. ఇక్కడ చీలిక నిజంగా చీలింది.

2006లో లీన్ ఫార్వర్డ్ మీడియా సంస్థ, మాంట్‌గోమరీ రాసిన 'ద అబామినబుల్ స్నోమన్' పుస్తకాన్ని అదే పద్ధతిలో డీవీడీ చిత్రంగా తెచ్చింది. హిమాలయాల్లో మంచుమనిషిని వెతుకుతూ వెళ్లే పిల్లల కథ అది. విలియం హెచ్. మేసీ, ఫ్రాంకీ మునిజ్ వంటి పేరున్న నటులు గొంతులిచ్చారు. పుస్తకంలో పేజీ తిప్పే వేలు ఇప్పుడు రిమోట్ మీదికి వచ్చింది. పిల్లలు ఒకే డిస్క్‌ను పదే పదే వేసి, మొన్న వదిలేసిన దారిలోకి ఇవాళ వెళ్లవచ్చు. కినోఆటోమాట్‌కు శాపమైన ఇంటి అలవాటు ఇక్కడ వరమైంది.

వచ్చి పోయిన కొమ్మలు

2017 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ 'పుస్ ఇన్ బుక్' విడుదల చేసింది. బూట్లు తొడుక్కున్న పిల్లి ఒక కథల పుస్తకంలో చిక్కుకుంటుంది, ఎటు వెళ్లాలో చూసే పిల్లలు చెప్పాలి. ఎంపికలను బట్టి కథ 18 నిమిషాల్లోనూ ముగియవచ్చు, 39 నిమిషాలైనా సాగవచ్చు. లేజర్ దూకినప్పుడు నల్లబడిన తెర ఇక్కడ లేదు. ప్రేక్షకుడు ఆలోచిస్తుండగానే రెండు దారుల తొలి ఖండాలూ వెనక సిద్ధంగా ఉండేవి. చీకట్లో తిరిగిన చించెరా రెండో ప్రొజెక్టరే మరో రూపంలో తిరిగివచ్చిందనిపిస్తుంది. 2018 డిసెంబరులో వచ్చిన 'బాండర్‌స్నాచ్' నటులతో తీసినదే అయినా, పెద్దల్లోనూ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. పుస్తకాల వరస హక్కులున్న చూజ్‌కో సంస్థ 2019లో ఆ చిత్రంపై దావా వేసింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. 2022లో 'బ్యాటిల్ కిట్టీ' అనే యానిమేషన్ ధారావాహిక ఒక మాయా ద్వీపపు పటాన్నే ప్రేక్షకుడి ముందు పరిచి, ఎటు వెళ్లాలో అడిగింది.

ఆ తర్వాత కొద్ది కాలానికే నెట్‌ఫ్లిక్స్ ఈ ప్రయోగాన్ని ముగించింది. 2024 డిసెంబరులో చాలా చిత్రాలను తొలగించింది, మిగిలిన కొద్దిటికీ 2025 మేలో తెరపడింది. మామూలు సినిమా ఒక వేదిక నుంచి పోతే మరో వేదికకు పంపవచ్చు. కొమ్మల చిత్రానికి దాన్ని నడిపించే యంత్రాంగం కూడా కావాలి. అది ఆగిపోతే మిగిలేవి విడి ఖండాలు మాత్రమే. ఏ ఖండం తర్వాత ఏది రావాలో చెప్పే పటం లేకపోతే అవి కథ కావు.

పాత డిస్కులదీ శాశ్వత జీవితం కాదు. పొరల మధ్య జిగురు పాడై, లోహం తుప్పుపట్టి, లేజర్ డిస్కులు చుక్కలు చుక్కలుగా చెదిరిపోతాయి. అయినా అవి మనుషుల చేతుల్లో ఉన్నాయి. అందుకే 1990ల చివర కొందరు అభిమానులు, మూలపడిన యంత్రాల ప్రవర్తనను మామూలు కంప్యూటర్‌లో తిరిగి సృష్టించే సాఫ్ట్‌వేర్ రాయగలిగారు. దానికి డర్క్ విడిపించిన రాకుమారి పేరే పెట్టారు, డాఫ్నీ అని. చించెరా కూతురు అలెనా తండ్రి చిత్రాన్ని డీవీడీ రూపంలో మళ్లీ వెలుగులోకి తెచ్చింది. ఈ రెండు పనులూ జరిగాయంటే, చిత్రంతో పాటు దాని దారులు కూడా ఎవరి దగ్గరో మిగిలి ఉండటమే కారణం.

నూరేళ్ల నాటి మూగ సినిమాల్లో ఎక్కువ భాగం పోయాయని ఈనాడు చింతిస్తున్నాం. కొమ్మల చిత్రాలు వచ్చి అర్ధశతాబ్దం కాస్త దాటిందంతే, వాటిలో కొన్ని ఇప్పటికే అందుబాటులో లేవు. వీటిని భద్రపరచాలనుకునే గ్రంథాలయాలు, మ్యూజియాలు చిత్రాన్ని మాత్రమే దాచి ఊరుకోకూడదు. దారుల పటం, ఎంపికల నియమాలు, నడిపే యంత్రపు వివరం, ఈ మూడూ చిత్రంలో భాగమే. అవి లేకపోతే, డర్క్ అస్థిపంజరంగా కూలే ఆ కొన్ని సెకన్ల కోసం కాగితం మీద వంగి కూర్చున్న చిత్రకారుడి రోజులు లెక్కలోకి రావు. అతను గీసిన దారిలో మనం నడవకపోయి ఉండవచ్చు. నడవాలనుకున్న రోజున ఆ దారి అక్కడే ఉండాలి.